గదిని కొలువకుండ: ఒక బొమ్మ రైలు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

గదిని కొలువకుండ గాడిని కొనబోకు
మలుపు తిరుగు చోట మంచ మడ్డు
ఎనుబదేడు పాళ్లు ఇంటిలో పట్టునా
సత్రవాసి మాట సత్యమయ్య

అవతారిక

ఈ ఆటవెలది చెప్పినవాడి పేరు, కాలం తెలియవు. నాలుగో పాదంలో సత్రవాసినన్నాడు గనుక దొరవారిసత్రం వాడనీ, రెండో పాదంలో మంచం అడ్డమన్నాడు గనుక సంసారి అనీ ఊహించడమైనది. సత్రాలు దేశం నిండా ఉండగా ఇదే సత్రమని ఎలా అంటావంటే, రైలు కూత వినబడని సత్రంలో కూర్చుని ఎవడూ ఇలాంటి పద్యం చెప్పడు. గూడూరు–చెన్నై లైనులో నాయుడుపేటకూ సూళ్లూరుపేటకూ నడుమ ఉన్న స్టేషను ఇది. పోయే బళ్లు లెక్కలేనన్ని, ఆగేవి కొన్ని. ఈ మాట చదువరి కొంగున కట్టుకోవాలి. పద్యం గుట్టంతా అక్కడే ఉందని వ్యాఖ్యాత మతం.

ప్రతిపదార్థం

గదిని = పది అడుగులకు పన్నెండడుగుల పడకగదిని (ఇంతకన్నా పెద్ద గది ఉంటే కవికి పద్యం చెప్పే గతి పట్టదు); కొలువకుండ = టేపు పట్టి, గోడ నుంచి గోడకు కాక, బీరువా నుంచి మంచానికి కొలవకుండా; గాడిని = పట్టాల జతను; కొనబోకు = ఎంత డిస్కౌంటు ఇచ్చినా కొనవద్దు; మలుపు తిరుగు చోట = రైలు గోడను వదిలి ఒళ్లు తిప్పుకునే చోట; మంచము = డబుల్ కాటు; అడ్డు = అడ్డమే, జరపడానికి ఇంట్లో అనుమతి లేదు; ఎనుబదేడు పాళ్లు = అసలు రైలును 87 పాళ్లు చేయగా అందులో ఒక పాలు, అనగా హెచ్‌ఓ స్కేలు; ఇంటిలో పట్టునా = పట్టదని కాకువు; సత్రవాసి మాట సత్యమయ్య = ఇది పాదపూరణం.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో "గాడిని" బదులు "బండిని" అని ఉందంటారు. అది లేఖక దోషం. యతి పోతుంది, అర్థమూ పోతుంది. బండిని ఈ ఏడు ఒకటి, పై ఏడు ఒకటి కొనుక్కోవచ్చు. పట్టా పరిచి మేకు కొట్టాక స్కేలు మారదు.

మూడో పాదంలో "పాళ్లు ఇంటిలో" అని సంధి చేయకపోవడం తప్పు కదా? తప్పే. అయితే ఎండకు సాగడానికి పట్టా ముక్కల నడుమ ఖాళీ వదలడం రైల్వేవారి పాత ఆచారం గనుక క్షంతవ్యం.

తాత్పర్యం

గది కొలవకుండా పట్టాలు కొనకు. మలుపు దగ్గర మంచం తగులుతుంది. హెచ్‌ఓ ఇంట్లో పట్టదు.

విశేషాంశాలు

కవి "బల్ల మీద మంచ మడ్డు" అనలేదు, "మలుపు తిరుగు చోట" అన్నాడు. ఇందులో ఇంజనీరింగు ఉంది. నేరుగా పోయే పట్టాకు జానెడు వెడల్పు పలక చాలు, అది ఏ గోడనైనా ఆనుకుని పోతుంది. చోటును మింగేది మలుపు. పెరంబూరులో 1955 నుంచి తయారైన ఐసీఎఫ్ పెట్టె బఫరు నుంచి బఫరుకు సుమారు 22.3 మీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 25.6 సెంటీమీటర్లు. పొడుగు పెట్టెలు పట్టా తప్పకుండా, మూలలు బయటికి పొడుచుకురాకుండా తిరగాలంటే మలుపు వ్యాసార్ధం పెట్టె పొడుగుకు మూడింతలైనా ఉండాలని అనుభవజ్ఞుల లెక్క. అంటే 77 సెంటీమీటర్లు. వెనక్కి తిరిగి రావాలంటే దానికి రెండింతలు, అయిదడుగుల పైచిలుకు. డబుల్ కాటు వెడల్పూ ఇంచుమించు అంతే. కవి మంచాన్ని ఊరికే తేలేదు.

అదే 1:160, అంటే ఎన్ స్కేలులో పెట్టె 14 సెంటీమీటర్లకు దిగుతుంది. వ్యాసార్ధం 42, వెనుదిరగడానికి 84. మూడడుగుల బల్ల. మంచం మంచం చోటే ఉంటుంది, సంసారం సంసారంగానే ఉంటుంది.

శంక: పద్దెనిమిది అంగుళాల వ్యాసార్ధంతో హెచ్‌ఓ పట్టాలు పెట్టెల్లో పెట్టి అమ్ముతున్నారే? సమాధానం: అమ్ముతున్నారు. ఆ మలుపులు పొట్టి వ్యాగన్లకు. మన పొడుగు పెట్టె అక్కడ తిరిగితే నడుము లోపలికి, మూలలు బయటికి పోయి పక్క లైనులో వచ్చే బండిని గోకుతుంది. అసలు రైల్వేలోనే బ్రాడ్ గేజ్ మీద 175 మీటర్లకన్నా బిగువైన మలుపు వేయరు. దాన్ని హెచ్‌ఓలోకి దించితే రెండు మీటర్ల వ్యాసార్ధం! ఆ శాస్త్రం పాటిస్తే సత్రంలో కల్యాణ మండపం అద్దెకు తీసుకోవాలి. కాబట్టి ఇంటి రైలు పెట్టిన ప్రతివాడూ పాపే. పాపం ఎంత తక్కువైతే అంత మేలు.

శంక: హెచ్‌ఓ పట్టా మీద మన బ్రాడ్ గేజ్ అచ్చంగా వస్తుందా? సమాధానం: రాదు. మన గేజు 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 దాటుతుంది. దొరికే పట్టా 16.5. అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజుకు, అంటే హైదరాబాద్ మెట్రో నడిచే గేజుకు సరి. ఎన్‌లోనూ ఇదే కథ: పదిన్నర కావాలి, తొమ్మిదే ఉంటుంది. రెంటిలోనూ దోషం సమానం గనుక దీన్ని పట్టుకుని ఒకదాన్ని ఎక్కువ, ఒకదాన్ని తక్కువ చేయరాదు. ఇంగ్లండు వారి ఓఓ మాత్రం ఆ 16.5 పట్టా మీదే 1:76 బండిని ఎక్కిస్తుంది. మనవాళ్లకు అది మరీ ఇరుకు చెప్పు. (ఎన్ అన్నది తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాను బట్టి వచ్చిన పేరు. జర్మనీలో నోయిన్, ఇంగ్లండులో నైన్, మనకు నవ. నకారం అందరికీ కుదిరింది.)

ఇక గుట్టు. పెద్ద స్కేలు వైపువాళ్ల వాదం బలమైనదే. హెచ్‌ఓలో కిటికీ చువ్వలు కనిపిస్తాయి, డ్రైవరు చొక్కా కనిపిస్తుంది. మన దేశపు ఇంజన్లు, పెట్టెలు తయారుగా దొరికేవి ఎక్కువగా అందులోనే. ఎన్‌లో మన రంగుల బండి కావాలంటే విదేశీ పెట్టెకు రంగులేయాలి, లేదా త్రీడీ ప్రింటింగు పట్టాలి. తేలికపాటి ఇంజను గనుక పట్టా మీద కాస్త దుమ్ము పడినా నిలబడిపోతుంది. పులికాట్ మీదుగా వచ్చే ఉప్పుగాలికి, సీలింగు ఫ్యాను దుమ్ముకు వారం వారం పట్టా తుడవాల్సిందే. నలభై దాటిన కళ్లకు కప్లింగు తగిలించడం భూతద్దం పని. ఇవన్నీ ఒప్పుకోవాలి.

ఒప్పుకున్నా కవి వైపే మొగ్గాలి. ఎందుకంటే సత్రంలో రైలును చూసేవాడు చువ్వలు చూడడు. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగదు. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడికి దక్కేది దుమ్ము, గాలి, పొడుగు. "ఇంకా అయిపోలేదేంరా" అనిపించే ఆ పొడుగే రైలు. ఇరవై నాలుగు ఐసీఎఫ్ పెట్టెలు, ఇంజనుతో కలిపి సుమారు 555 మీటర్లు. హెచ్‌ఓలో సుమారు ఆరు మీటర్ల నలభై సెంటీమీటర్లు. గదిలో రెండు గోడలు తినేసి తన తోకను తానే తరుముతుంది. అందుకే హెచ్‌ఓ ఇళ్లల్లో అయిదు పెట్టెల ఎక్స్‌ప్రెస్‌లు తిరుగుతుంటాయి. అయిదు పెట్టెల కోరమాండలా? సత్రంలో పిల్లవాడు కూడా నమ్మడు. ఎన్‌లో మూడున్నర మీటర్లు, ఒక్క పొడుగు గోడకు సరిపోతుంది. మిగిలిన చోట సత్రం పక్కనున్న నేలపట్టు చెరువు, నీళ్లలో కడప చెట్లు, వాటి మీద గూడబాతులు పెట్టుకోవచ్చు. ఒక్కో పక్షి నెల్లూరు బియ్యపు గింజంత వస్తుంది.

ప్లాట్‌ఫారం మీద ఆగిన మెమూ బండినీ, దిగే ఆడవాళ్ల చేతి సంచులనూ చూసి ముచ్చటపడేవారికి పద్యం వర్తించదు. వారు హెచ్‌ఓ కొని మూడు పెట్టెలతో సుఖంగా ఉండవచ్చు. ఇంకా చిన్నదైన 1:220 జెడ్ స్కేలు 1972లో జర్మనీ మార్క్లిన్ వారు తెచ్చారు. కవి దాని జోలికి పోలేదు, వ్యాఖ్యాతా పోడు.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివి వెంటనే అంగడికి పోయేవారికి ఫలం లేదు. ముందు సుద్దముక్క తీసుకుని, 42 సెంటీమీటర్ల దారం కట్టి గది నేల మీద వృత్తం గీయండి. 77తో ఇంకొకటి గీయండి. రెంటిలో ఏది మంచం కిందికి పోలేదో ఇంట్లోవాళ్లను పిలిచి చూపించి, వాళ్లు సరేనన్నాకే డబ్బు కట్టండి.