క్లియర్ టైటిల్

మా బావగారు ప్లాట్లు అమ్ముతారు. అమ్ముతారు అనడం ఆయన మీద ప్రేమ కొద్దీ వాడుతున్న మాట. విజిటింగ్ కార్డు మీద పేరు పక్కన బి.ఎల్. అనీ, దాని కింద రెరా ఏజెంటు నంబరూ ఉంటాయి. ఆ పై వరస కింది వరసని బతకనివ్వదు. ఈయన లాంటివాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు కాబట్టి పరిచయం పెద్దగా అక్కర్లేదు. సగం వయసు గడిచాక ఉద్యోగం ఊడి, వేరే వృత్తిలోకి దిగి, పాత వృత్తి బుద్ధుల్ని మాత్రం వదల్లేని మనిషి.

బావగారు ఇరవై ఏళ్ల పైచిలుకు ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో లీగల్ ఆఫీసరుగా చేశారు. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు అడిగేవాళ్ల కాగితాలన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. వాటిలో తప్పు పట్టడం ఆయన ఉద్యోగం. పట్టినందుకే జీతం. ఓ రోజు ఆ కంపెనీని ఇంకో కంపెనీ కలిపేసుకుంది, లీగల్ విభాగం ముంబైకి తరలిపోయింది, బావగారికి మూడు నెలల జీతమూ ఒక గోడ గడియారమూ ఇచ్చి పంపేశారు.

మళ్లీ నల్లకోటు వేసుకోవచ్చు కదా అన్నాం అందరం. జీతం మీద ఉద్యోగంలో చేరిన లాయరు బార్ కౌన్సిల్ రూలు 49 ప్రకారం ప్రాక్టీసు ఆపుకోవాలట. అందుకని ఆయన సన్నదు, అదే ప్రాక్టీసు లైసెన్సు, ఏనాడో సస్పెన్షన్‌లో పడింది. తీయించుకోవడం పెద్ద కష్టమేం కాదు. తీయించుకున్నాక సిటీ సివిల్ కోర్టులో తన కొడుకు వయసు కుర్రాళ్లతో పాటు నిలబడి వాయిదాలు అడగడమే కష్టం. కొన్నాళ్లు కోర్టు క్యాంటీన్లో టీ తాగి చూశారు. తన బ్యాచివాళ్లు కొందరు జడ్జీలై కార్లలోంచి దిగుతుంటే ఆ టీ దిగలేదు. సరిగ్గా అప్పుడే, ఒకప్పుడు ఈయన కాగితాలు తిప్పి కొట్టిన ఒక రియల్టరు కనపడి "సార్, ఆ రోజు మీరు పట్టుకున్న తప్పు నిజంగానే ఉంది. మా దగ్గరికి వచ్చెయ్యండి" అన్నాడు. సన్నదు బతికుంటే వ్యాపారం చెయ్యకూడదని 47వ రూలు. కనక దాన్ని అలాగే నిద్రపోనిచ్చారు. ఇప్పుడు ఏ పెళ్లిలోనైనా ఎవరైనా "ప్రాక్టీసు మానేశారటగా" అంటే చాలు, చేతిలో పళ్లెం పక్కన పెట్టి మరీ చెబుతారు: "మానలేదు, రద్దూ కాలేదు. నిలిపి ఉంచాను. ఈ మూడూ వేరు."

ఆయన ఎలా అమ్ముతారో చూడాలంటే ఒక ఆదివారం సైట్ విజిట్‌కి వెళ్లాలి. నేను వెళ్లాను. ఖాళీ సీటు కనపడకూడదని నన్ను కస్టమరుగా ఎక్కించారు.

పొద్దున్నే ఉప్పల్‌లో ఇన్నోవా ఎక్కాం. మాతో ఒక రిటైర్డు మాస్టారూ, ఆయన భార్యా. భువనగిరి దాటాక రోడ్డు పక్కన సిమెంటు ఆర్చి, దాని మీద రెండు ఏనుగులు, లోపల తెల్లరంగు కొట్టిన హద్దురాళ్లు, షామియానా, మజ్జిగ ప్యాకెట్లు. ఎండలో టై కట్టుకున్న మార్కెటింగ్ కుర్రాడు మొదలుపెట్టాడు.

"అంకుల్, ఇక్కణ్నుంచి రీజినల్ రింగు రోడ్డు రెండు కిలోమీటర్లే."

"ప్రతిపాదిత రింగు రోడ్డు" అన్నారు బావగారు.

"బీబీనగర్ ఎయిమ్స్ మనకి పక్కనే."

"పక్కన కాదు బాబూ, వెనక. దాటే వచ్చాం."

కుర్రాడు ఇక దేవుణ్ని పట్టుకున్నాడు. "గుట్ట మీంచి నరసింహస్వామి చూపు నేరుగా మన వెంచరు మీదే పడుతుంది సార్."

"అది డాక్యుమెంట్లో రాయరు" అన్నారు బావగారు.

ఇన్ని విన్నా మాస్టారు కదల్లేదు. చెక్కుబుక్కు జేబులోనే ఉంది. తూర్పు ఫేసింగులో ఒక కార్నర్ బిట్టు ఆవిడకి నచ్చింది. వీధిపోటు లేదు. కంపెనీ మనుషులంతా చుట్టూ మూగారు. మాస్టారు ఎవరైనా అడిగే ప్రశ్నే అడిగారు: "లాయరుగారూ, టైటిల్ క్లియరేనా?"

ఆ ప్రశ్నకి ఆ షామియానా కింద ఒక్కటే జవాబుంది: హండ్రెడ్ పర్సెంట్. దాన్ని అనడం పసిపిల్లాడికైనా వస్తుంది. బావగారు కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. "నాకు చూపించిన కాగితాల మేరకు, ఈ తేదీ నాటికి, నా దృష్టికి వచ్చినంతలో, అభ్యంతరకరమైనదేదీ కనపడలేదు" అన్నారు.

"అంటే గొడవ ఉందా, లేదా అన్నయ్యగారూ?" అన్నారావిడ.

"లేదని నేననలేదమ్మా. ఉందనీ అనలేదు."

అంతటితోనైనా ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ దగ్గర మొదలుపెట్టి, సేత్వార్ మీదుగా, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితా దాకా వచ్చేసరికి బిర్యానీ చల్లారింది. మాస్టారు దంపతులు మర్యాదగా తిని, మర్యాదగా ఇన్నోవా ఎక్కి, మర్యాదగా ఇంటికి వెళ్లిపోయారు. అన్యాయం ఏమిటంటే ఆ భూమిలో నిజంగా ఏ గొడవా లేదు. బావగారు ఆర్నెల్లు వెతికి మరీ లేదని తేల్చుకున్న భూమి అది. తేల్చుకున్న మాటని గట్టిగా బయటికి చెప్పడానికే ఆయనకి నోరు రాదు. కంపెనీ ఓనరు ఆ సాయంత్రం "సార్, మీరు మా తరఫా, ఎదురు పార్టీ తరఫా?" అని అడిగాడట. "రేపు కేసైతే నన్ను సాక్షికి పిలుస్తారు" అని ఈయన జవాబు.

ప్రీలాంచ్ ఆఫర్ల గొడవ ఇంకా బాగుంటుంది. అనుమతులు రాకముందే సగం రేటుకి అమ్ముదామని ఒక కంపెనీ వాట్సాప్ గ్రూపులో పోస్టరు పెట్టింది. మిగతా ఏజెంట్లు దాని కింద దణ్నాలూ నిప్పురవ్వలూ పెట్టారు. బావగారు పేరాలకి నంబర్లు వేసి ఒక అభిప్రాయం పెట్టారు. 2016 రెరా చట్టం మూడో సెక్షను ప్రకారం, 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుని రిజిస్టరు చేయించకుండా అమ్మడం సరే, ప్రకటించడమే తప్పని దాని సారాంశం. ఆరో పేరా టైపు చేస్తూండగా అడ్మిన్ గ్రూపులోంచి తీసేశాడు. "నోటీసు ఇవ్వకుండా తీసెయ్యడం సహజ న్యాయానికి విరుద్ధం కదోయ్" అని నాకు ఫోను. నేనేం చెయ్యను?

అలాగని కొత్త వృత్తి ఒంటబట్టలేదని కాదు. లెక్క బాగా ఒంటబట్టింది. ఎకరానికి 4,840 గజాలు, గుంటకి 121, సెంటుకి 48.4. నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నెల్లూరి పిన్ని అంకణాల్లో అడిగితే, అక్కడి అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి ఎనిమిది గజాలని ఆవిడకే వివరిస్తారు. ఫంక్షన్ హాల్లోకి అడుగుపెడితే పెళ్లికూతురు కన్నా ముందు హాలు కొలత చూస్తారు. పెద్దనాన్నగారి పదో రోజున, అందరూ ఏడుస్తూంటే ఈయన పెరట్లో అడుగులు వేసుకుంటూ కనపడ్డారు. "ఉత్తరం వైపు ప్రహరీ మూడడుగులు లోపలికి వచ్చింది. ఎవరైనా చూసుకున్నారా?" అని దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగారు. నిజమే, వచ్చింది. పక్కింటివాళ్లతో మా అన్నయ్య ఇప్పటికీ మాట్లాడ్డం లేదు.

ఇక బంధువుల ఆస్తులు. "హిమాయత్‌సాగర్ దగ్గర చవగ్గా వచ్చింది బావగారూ" అని ఎవరైనా సంతోషంగా అంటే, "జలాశయాల కోసం కట్టడాలకి అడ్డుపెట్టిన 1996 నాటి 111 జీవో. 84 గ్రామాలు. మీ ఊరు అందులో ఉందో లేదో చూసుకున్నారా?" అంటారు. "జీపీఏ మీద కొన్నాం" అంటే 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో జీపీఏతో హక్కు బదిలీ కాదన్న తీర్పు బయటికొస్తుంది. "నోటరీ చేయించాం" అన్నవాళ్ల వైపు జాలిగా చూసి, వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషను తప్పదని 1908లోనే చెప్పారంటారు. అవతలివాళ్లకి గులాబ్ జామూను గొంతులో నిలుస్తుంది. ఇంటికెళ్లి బీరువా తెరుస్తారు. ఇంతగా భయపెట్టిన మనిషి దగ్గరే ప్లాటు కొంటారని మీరనుకుంటారు. కొనరు. భూమి అంటేనే హడలిపోయి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకుంటారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది మా వంశంలో రెండు వైపులా ఈయన పుణ్యమే.

నాకూ ఒక లెక్క తేలాల్సి ఉంది. 2014లో ఆదిభట్లలో ఒక ప్లాటు చూసుకున్నాను. అప్పటికి బావగారు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు. టోకెన్ అడ్వాన్సు కవరులో పెట్టుకుని, వెళ్లేముందు ఒకసారి చూడండని కాగితాలు ఆయన చేతిలో పెట్టాను. రాత్రంతా చూసి పొద్దున పాత పహాణీలో ఒక గడి మీద వేలు పెట్టారు. రక్షిత కౌలుదారు. 1950 కౌలు చట్టం, 38-ఇ సర్టిఫికెట్. "వాళ్ల వారసులొస్తే ఏం చేస్తావోయ్?" కవరు వెనక్కి తెచ్చుకున్నాను. ఆ ప్లాటు మా ఆఫీసులో ఇంకొకతను కొన్నాడు, రెండంతస్తులు వేశాడు, పై వాటా అద్దెకిచ్చాడు. వారసులెవరూ రాలేదు. గృహప్రవేశం భోజనంలో నేను బావగారి వైపు చూస్తే, "పన్నెండేళ్లు కానీ" అన్నారు. ఆయన గొంతులో కొంత ఆశ కూడా ఉందని నా అనుమానం.

ఆ జబ్బు అంటుకునేది కూడా. ఈ మధ్య పాలకార్డు వెనక అచ్చువేసిన షరతులు చదువుతూ మా ఆవిడకి దొరికిపోయాను.

అయితే మా వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే అతని ముందు ఆయన్ని ఏమైనా అని చూడండి. అతను చిట్టీ పాడిన డబ్బుతో ఊరి చివర ఎనభై గజాలు కొనబోయాడు. బావగారు అడక్కుండానే బస్సెక్కి వెళ్లి, గ్రామ పటం తీయించి, ఎండాకాలం ఎండిన ఆ నేల చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లొచ్చే హద్దులో, ఉందని తేల్చి, బ్రోకరు దగ్గర కూర్చుని బయానా వెనక్కి ఇప్పించారు. ఆ తర్వాత 2024లో ప్రభుత్వం చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా పెట్టాక ఎఫ్‌టీఎల్ అన్న మాట ఊరందరి నోటా పడింది. ఇస్త్రీ అతను బావగారి చొక్కాలకి ఇప్పటికీ డబ్బు పుచ్చుకోడు. కొత్త వృత్తిలో ఆయనకి నికరంగా అందుతున్న ఆదాయం ప్రస్తుతానికి అదేనని మా అక్కయ్య అంటుంది.

ఎందుకంటే కమీషన్ రాదు. అప్పుడప్పుడూ, కాగితాల గురించి ఏమీ అడగని కస్టమరు దొరికి, బేరం కుదురుతుంది. రెండు పర్సెంట్ అని నోటిమాట అనుకుంటారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు సర్దేది ఈయనే, సాక్షుల ఆధార్ కార్డులు గుర్తు చేసేది ఈయనే. వేలిముద్రలు పడ్డాక కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఒకే కారులో వెళ్లిపోతారు. ఊరందరి చేతా అగ్రిమెంట్లు రాయించిన మనిషి తన రెండు పర్సెంట్‌కి చిత్తుకాగితం మీదైనా సంతకం పెట్టించుకోరు. ఎందుకండీ అంటే "మనవాళ్లే కదోయ్" అంటారు. ఓసారి మండిపోయి లీగల్ నోటీసు రాశారు. పంపాలంటే లెటర్‌హెడ్ కావాలి, లెటర్‌హెడ్‌కి సన్నదు కావాలి, అది నిద్రలో ఉంది. అక్కయ్యకి చదివి వినిపించారు. మూడో పేరా బాగుందని ఆవిడ అంది. నోటీసు ఫైల్లోకి వెళ్లింది.

వాళ్లు నల్లకుంటలో మూడో అంతస్తులో అద్దెకుంటారు. పడమర ఫేసింగు. ఊరు చుట్టూ నాలుగు దిక్కులా ప్లాట్లు చూపించే మనిషికి గజం నేల లేదు. చూసిన ప్రతి చోటా ఆయనకి ఏదో ఒక గడి కనపడుతుంది. ఉన్న అద్దె ఇంటికి కూడా ఈసీ తీయించి, ఇంటివాళ్ల అన్నదమ్ముల పంపకం సరిగ్గా జరగలేదని కనిపెట్టి, అక్కయ్యకి చెప్పి, ఆవిడ నిద్ర చెడగొట్టారు. "ఊళ్లోవాళ్ల కాగితాలన్నీ చూస్తారు, మన పేరు మీద ఒక్క కాగితం లేదు" అని ఆవిడ దెప్పితే, "గొడవలు కూడా లేవు కదా" అంటారు. ఆ మాటకి అక్కయ్య దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఏదో ఒక ఆదివారం మీకూ ఆయన ఫోను రావచ్చు. వెళ్లండి. బిర్యానీ బాగుంటుంది. తినడం అయ్యేదాకా టైటిల్ మాట ఎత్తకండి. ఆయన "అభ్యంతరకరమైనదేదీ కనపడలేదు" అన్నారంటే ఇంకెవరి మాటా వినక్కర్లేదు, ధైర్యంగా కొనెయ్యండి. రిజిస్ట్రేషను అయ్యాక కారెక్కే ముందు మాత్రం ఆ రెండు పర్సెంట్ ఆయన చేతిలో పెట్టండి. ఆయన అడగరు, ఆయన దగ్గర కాగితమూ లేదు.