గుడ్డి గురికి యాభై మార్కులు

తెలంగాణలో ఎంబీఏ, ఎంసీఏ కోర్సులలో చేరదలచిన పట్టభద్రులకు ఏటా జరిపే ఉమ్మడి ప్రవేశ పరీక్షను ఐసెట్ అంటారు. చాలా ఏళ్లు వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం, 2025లో నల్గొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం నిర్వహించిన ఈ పరీక్షలో 150 నిమిషాలలో 200 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి గనుక ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు దక్కుతాయి. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర చేతికొచ్చిన చాయ్ ఊదుకొని తాగడానికి కూడా ఈ వ్యవధి చాలదు.

అయితే పరీక్ష ఘనత వేగంలో లేదు, లెక్కలో ఉంది. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు. తప్పుకు మార్కు కోసే నెగెటివ్ మార్కింగ్ పద్ధతి ఇక్కడ లేదు. ప్రశ్న చదవకుండా కళ్లు మూసుకొని మౌస్ నొక్కుకుంటూ పోయినా, సంభావ్యతా శాస్త్రం ప్రకారం సగటున 50 జవాబులు సరిపోతాయి. జనరల్, బీసీ అభ్యర్థులకు విధించిన అర్హత 25 శాతం, అంటే సరిగ్గా ఆ యాభయ్యే. ఐఐఎంల ప్రవేశానికి పెట్టే క్యాట్‌లో బహుళైచ్ఛిక ప్రశ్నకు తప్పు జవాబిస్తే ఒక మార్కు పోతుంది గనుక, అక్కడ గుడ్డి గురికి ఇంతటి గౌరవం లేదు. అర్హత వేరు, ర్యాంకు వేరని పండితులు ఆక్షేపించవచ్చు గానీ, సీట్లు మిగిలిన కళాశాల గుమ్మంలో ఆ భేదాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు.

ఇదే సిద్దిపేటలో మగ్గం మీద గొల్లభామ చీర నేసేవారికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. తలపై కుండ, చేతిలో కుండ పట్టుకున్న ఆ బొమ్మను పోగులు లెక్కపెట్టుకుంటూ తీర్చేటప్పుడు ఒక్క పోగు తప్పితే భామ నెత్తిమీది కుండ వంకర పోతుంది, నేసిందంతా విప్పుకోవలసి వస్తుంది. నెగెటివ్ మార్కింగ్ అంటే అదీ. పోగుల లెక్కలో ఆరితేరిన ఆ చేతులకు ఏ విశ్వవిద్యాలయమూ ర్యాంకు కార్డు ఇచ్చిన దాఖలా లేదు.

ఇక ఐసెట్‌లో డేటా సఫిషియెన్సీ అనే విభాగం ఉంది. ఇందులోని 20 ప్రశ్నలకు సమాధానం కనుక్కోనక్కరలేదు. ఇచ్చిన రెండు వాక్యాల సమాచారం సమాధానానికి చాలుతుందో లేదో తేల్చితే చాలు. పని చేయకుండానే పని సాధ్యాసాధ్యాల మీద అభిప్రాయం చెప్పే ఈ విద్య కార్యాలయాలలో ఎంత అక్కరకొస్తుందో, దస్త్రాల వెంట తిరిగిన వారికి వివరించనక్కరలేదు. సిద్దిపేటకు తగిన నమూనా ప్రశ్న ఒకటి ఇలా ఉండవచ్చు: ఎంబీఏ చదివిన అభ్యర్థికి సొంత జిల్లాలో ఉద్యోగం దొరుకుతుందా? ఒకటి, అతనికి ఐసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. రెండు, కౌన్సెలింగ్‌లో కోరుకున్న సీటు వచ్చింది. రెండూ కలిపినా సమాచారం చాలదనే నాలుగో జవాబును, కళ్లు మూసుకొని మౌస్ నొక్కే అభ్యర్థి సైతం ఈ ఒక్క ప్రశ్నకు కళ్లు తెరిచే నొక్కుతాడు.