సంచీవనీ వ్యాఖ్య

అవతారిక: కాళిదాస కావ్యాలకు ‘సంజీవని’ కూర్చిన మల్లినాథసూరి మన మెదకు సీమ కొల్చారమువాడు. ఆయనకు మేఘసందేశము దొరికినది. కారేపల్లివాడనగు నాకు డాలస్ పక్క ఇర్వింగ్‌లో, దేశీ కొట్టులో, సంచీ చేతపట్టి నిలిచియుండగా ఈ ఒక్క వాక్యమే దొరికినది. కావున ఈ వ్యాఖ్య ‘సంచీవని’.

మూలము: “మీరు తెలుగా అండీ?”

ప్రతిపదార్థము: మీరు = పావుగంటగా నా కంటపడకుండ తిరుగుచున్న తాము; తెలుగు + ఆ = తెలుగువారే కదా; అండీ = వయసు తెలియదు కనుక ముందుజాగ్రత్త. ‘అండీ’ని బట్టి అడుగువాడు కృష్ణా గుంటూరులవాడని కొందరందురు. పొసగదు. ఖమ్మమోళ్ళము మేమూ అంటాము.

ఆక్షేపము: ఎదుటివాని బుట్టలో నాలుగు గోంగూర కట్టలున్నవి. పొగ కనబడగా నిప్పున్నదా అని అడుగుట ఏల? సమాధానము: ఇది అడుగనిదే “ఏ ఊరు?” అనుటకు దారి లేదు.

విశేషము: అక్కడి తెల్లవారు ముక్కూమొగమూ ఎరుగనివానిని చూచియు నవ్వి, “హౌ ఆర్యూ” అని, జవాబుకు ఆగక పోదురు. మనవారు మనవారిని చూచినంతనే బియ్యపు బస్తా మీది అక్షరములు చదువుకొందురు. పొగరు కాదు. చూపు కలిసెనా, ఊరు, ఇంటిపేరు, వీసా, గ్రీన్‌కార్డు వరుస, అన్నిటికీ జవాబు చెప్పి తీరవలెను. ఇంటిపేరు అనగా ఇల్లూ కాదు, పేరూ కాదు. అడిగినవానికి తెలియును, చెప్పినవానికీ తెలియును.

ఉత్తరభాగము: గోంగూర కుర్రవాడు “భద్రాచలం దగ్గర” అనెను. నేనును “అటువైపే” అంటిని. అనృతదోషము లేదా? లేదు. కొత్తగూడెము స్టేషనుకే రైల్వేవారు ‘భద్రాచలం రోడ్’ అని పేరు పెట్టిరి. రాములవారి గుడి అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు, గోదావరికి ఆవల. వారంత సాగదీయగా మేమింకొంచెము లాగితిమి. పోనీ సింగరేణి అందుమా? ఆ పల్లె మా మండలములోనిదే. 1889లో బొగ్గు తవ్వకము మొదలైనది మాత్రము ఇల్లెందులో. పేరు మాది, బొగ్గు వారిది.

“భద్రాచలం దగ్గరంటే ఎక్కడ?”

“ఇల్లెందు లైను చీలుద్ది చూడండి, కారేపల్లి. అక్కడ తండా మాది.”

ఒక్క స్టేషనువారము, పదివేల మైళ్ళు దాటి వచ్చి, ఒకరికొకరము భద్రాచలము చూపించుకొంటిమి!

ఇంతలో వానికి ఫోను. “యాడీ” అని మొదలుపెట్టి లంబాడీల గోర్‌బోలీలో గడగడ మాట్లాడెను. యాడి = అమ్మ. ఇంతకుమించి నాకు పదార్థము తెలియదు. తండాల నడుమ పుట్టి పెరిగిన వ్యాఖ్యాతకు ఈ ఒక్క మాట! మూలప్రశ్నకు వాడు “అవునండీ” అన్నాడే, ఆ అవునులో ఎంత పాలు మర్యాదయో అప్పుడు లెక్కవేయ మొదలిడితిని. లెక్క తేలలేదు.

కౌంటరు వద్ద గుజరాతీ పెద్దాయన ఆ మాటలకు చెవియొగ్గి, చిల్లర ఇచ్చుట మాని, మొగము వెలుగగా వానిని అడిగెను: “తమే గుజరాతీ ఛో?”

పాఠాంతరము.