బాల్సా పడవ నిర్మాణ మీమాంస

శాస్త్రగ్రంథం ఏదైనా సరే, ఆరంభంలోనే విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని, అనగా అనుబంధ చతుష్టయాన్ని, నిరూపించడం పూర్వుల మర్యాద. బాల్సా చెక్కతో నమూనా పడవలు కట్టే విద్యకు అటువంటి పీఠిక లేకపోవడం పెద్ద లోపం కనుక దానిని ముందుగా పూరించవలసి ఉన్నది. ఇక్కడ విషయం హల్, అనగా తెరచాప, మోటారు, జెండా వగైరాలన్నీ తీసివేయగా తేలవలసిన బాధ్యత ఒక్కటే మిగిలిన డొల్ల. ప్రయోజనం ఏమిటన్నది ఇంకా తేలలేదు. పడవ తేలినప్పుడు అదీ తేలుతుందని పెద్దల ఆశ. సంబంధం ప్రధానంగా భోజనాల బల్లతో. ఇక అధికారి, అనగా ఈ విద్యకు అర్హుడు, ఎవరన్న ప్రశ్నకు వేదాంతులు వివేక వైరాగ్యాలు కలవాడని చెబుతారు గాని, ఈ విద్యలో వివేకం ఉన్నవాడు అసలు మొదలుపెట్టడు, వైరాగ్యం ఇంట్లో మిగిలినవారికి ఉంటే సరిపోతుంది.

బాల్సా చెట్టు దక్షిణ మెక్సికో నుంచి బొలీవియా వరకు గల ఉష్ణమండల అడవులకు చెందినది. దాని కలప ఎగుమతిలో ఈక్వడార్‌దే అగ్రస్థానం. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని పత్తి, బూరుగు, బెండ ఉన్న మాల్వేసీ కుటుంబంలోనే చేర్చారు కాబట్టి, సముద్రయానానికి ముస్తాబవుతున్న పడవకు పులుసులోని బెండకాయతో దూరపు చుట్టరికం ఉన్నదని చెప్పడం పూర్తిగా శాస్త్రసమ్మతమే. ఆ శాస్త్రంలోనే మరొక విచిత్రం కనిపిస్తుంది: పూలుపూసే వెడల్పాకుల చెట్ల కలపనంతా గట్టికలప అనీ, పైన్ వంటి చెట్ల కలపను మెత్తకలప అనీ విభజించడం ఆనవాయితీ అయినందువల్ల, గోటితో నొక్కితే సొట్టపడే బాల్సా గట్టికలపల పంక్తిలో టేకు పక్కన కూర్చున్నది. ఘనపు మీటరు టేకు సుమారు 650 కిలోలు తూగితే, నమూనాలకు వాడే బాల్సా సాధారణంగా 100 నుంచి 250 కిలోల వరకు తూగుతుంది; అంటే దుకాణంలో ఒకే ధరకు వరుసగా పేర్చిన పలకలలో ఒకటి పక్కదానికి రెట్టింపు బరువు ఉండడం అసాధ్యం కాదు. అందుచేత అనుభవజ్ఞుడైన నిర్మాత జేబులో చిన్న త్రాసు పెట్టుకుని కొనుగోలుకు వెళతాడు, దుకాణదారు అతనిని బంగారం వ్యాపారి అనుకోవాలో మతిచలించినవాడు అనుకోవాలో తేల్చుకోలేక ధర కొంచెం పెంచుతాడు.

బరువుతో పాటు కోత తీరును కూడా పరిశీలించాలి. దుంగలోని వలయాలను ఒరుసుకుంటూ కోసిన పలకను ఏ-గ్రెయిన్ అనీ, కేంద్రం నుంచి బయటికి వ్యాసార్ధం వెంట కోసిన పలకను సి-గ్రెయిన్ అనీ అంటారు. మొదటిది అడ్డంగా చక్కగా వంగుతుంది, మచ్చలు మచ్చలుగా మెరిసే రెండవది వంగమంటే విరుగుతుంది. పడవ పక్కటెముకలకు రెండవది, పైచర్మానికి మొదటిది వాడాలని నియమం. అందానికి ఆశపడి మెరిసే పలకను పైచర్మానికి వాడినవారు ఈ నియమాన్ని చప్పుడుతో సహా నేర్చుకుంటారు.

నిర్మాణానికి ఆధారమైన నక్షాలో పడవను పక్కనుంచి, పైనుంచి, అడ్డంగా కోసి చూపే మూడు చిత్రాలు ఉంటాయి. అడ్డకోత చిత్రంలో మధ్యగీతకు ఒకవైపున పడవ ముందుభాగపు సగం, రెండవవైపున వెనుకభాగపు సగం మాత్రమే గీస్తారు, ఎందుకంటే ఎడమ కుడులు సమానమన్నది నౌకా నిర్మాణంలో నిరూపణ అక్కరలేని సత్యం. ఈ సత్యం కాగితం మీద ఉన్నంతకాలం అబాధితంగా ఉంటుంది. ఆ తరువాత కీల్ అనే అడుగుదూలానికి పక్కటెముకలను నిలువుగా అతికించి, ఆ అస్థిపంజరాన్ని చదునైన బల్లమీద బోర్లించి బిగిస్తారు. ఇంట్లో నిజంగా చదునైన వస్తువు భోజనాల బల్ల ఒక్కటే అని అప్పుడే బయటపడుతుంది. పైన నిరూపించిన సంబంధం ఇదే.

అసలు పరీక్ష ఆ అస్థిపంజరానికి పైచర్మంగా సన్నని బద్దలు తొడగడంలో ఉన్నది. కీల్ నుంచి పై అంచు వరకు పడవ నడుము దగ్గర చుట్టుకొలత 12 సెంటీమీటర్లు ఉండి, అణియం, అనగా ముందు కొస, దగ్గర 6 సెంటీమీటర్లే ఉన్నదనుకుంటే, సెంటీమీటరు వెడల్పు గల 12 బద్దలు నడుము దగ్గర సుఖంగా సర్దుకుంటాయి గాని, అణియానికి చేరేసరికి ప్రతి బద్దా సగానికి సన్నబడక తప్పదు. ఈ లెక్క వినడానికి మూడో తరగతి లెక్కలా ఉన్నా, దీనిని ముందుగా వేసేవారు అరుదు; బద్దను వెడల్పు తగ్గించకుండా తొడిగితే అది ముందు కొస చేరేసరికి పక్కబద్ద మీదికి ఎక్కుతుంది, దానిని బలవంతంగా దించితే ఇంకొకచోట లేస్తుంది. వంపు తిరగనని మొరాయించే బద్దను వేడినీటిలో నానబెట్టడం శాస్త్రమే, ఎందుకంటే చెక్కలోని నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం వేడికి మెత్తబడుతుంది. అయితే నానిన బద్ద ఉబ్బుతుంది గనుక ఆరకముందే అతికిస్తే, తెల్లవారేసరికి కుంచించుకుపోయి రెండు బద్దల మధ్య వెలుతురు వచ్చేంత సందు మిగులుతుంది. నానబెట్టడానికి ఏ గిన్నె వాడారన్నది గృహస్థధర్మానికి సంబంధించిన అంశం కాబట్టి దాని చర్చ ఇక్కడ అప్రస్తుతం.

బద్దలను ఎడమకు ఒకటి, కుడికి ఒకటి చొప్పున తొడగాలన్న నియమానికి కూడా కారణం ఉన్నది. వంచి అతికించిన ప్రతి బద్దా తిరిగి తిన్నబడాలని లాగుతూ ఉంటుంది. ఎడమవైపు పని బాగా సాగుతోందన్న ఉత్సాహంతో అటువైపంతా ముందుగా పూర్తిచేస్తే, ఆ లాగుడుకు సన్నని కీల్ కొడవలిలా వంగిపోతుంది, అటువంటి పడవ చుక్కానితో పనిలేకుండానే చెరువులో ప్రదక్షిణలు చేస్తుంది. ఇందులో చెక్క తప్పేమీ లేదు. టేకుకు స్వభావం ఉంటుంది, తుమ్మకు పంతం ఉంటుంది, వడ్రంగి తన పొరపాటును వాటి మీదికి తోసే వీలున్నది. బాల్సా మాత్రం చెప్పినట్టల్లా వింటుంది గనుక పడవలోని ప్రతి వంకరా కట్టినవాడి పేరనే నమోదవుతుంది.

అతికించడానికి ఫెవికాల్ వంటి తెల్లజిగురు ఓపికగలవారికి, సూపర్ గ్లూ మిగిలినవారికి. రెండవదానిలోని సయనోఅక్రిలేట్ పదార్థాలు 1942లో అమెరికాలో తుపాకుల గురి చూసే పరికరాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతున్నవారి చేతికి చిక్కాయి, ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటున్నాయని అప్పట్లో పక్కన పెట్టబడ్డాయి. తేమ తగిలితే గట్టిపడడం దాని ధర్మం. వేళ్లకు చెమట పట్టడం నిర్మాత ధర్మం.

అతుకులు ఆరిన తరువాత ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేసే దశ వస్తుంది. ఇక్కడ జిగురు చెక్క కంటే గట్టిది కావడమే చిక్కు: రుద్దే కొద్దీ చుట్టూ ఉన్న బాల్సా అరిగి, జిగురు గీత మాత్రం గట్టులా నిలబడుతుంది, ఆ గట్టును అణచబోతే పక్కన లోయ లోతవుతుంది. పక్కటెముకల మధ్య ఆధారం లేనిచోట చెక్క వేలికింద లొంగి, దూరం నుంచి ఎముకలు లెక్కపెట్టదగిన రూపం పడవకు వస్తుంది. పట్టుదలగల నిర్మాత ఇంకా రుద్ది చివరికి కన్నం పెడతాడు. కన్నాలకు చెక్కపొడిని జిగురులో కలిపి పూడ్చడం లోకమంతటా ఉన్న ఉపాయమే. కొండపల్లి బొమ్మల శిల్పులు కూడా తేలికైన తెల్లపొణికి కర్రతో బొమ్మ చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతికి, రూపం తీర్చుతారు. భేదమల్లా వారి చేతిలో మక్కు కళకు సహాయం చేస్తుంది, బాల్సా నిర్మాత చేతిలో సాక్ష్యాన్ని మాపుతుంది.

నీటి సంగతి వేరు. 1947లో నార్వే యాత్రికుడు థార్ హెయర్డాల్, మరి ఐదుగురు తొమ్మిది బాల్సా దుంగల కాన్-టికీ తెప్పమీద పెరూ తీరం నుంచి బయలుదేరి, 101 రోజులలో పసిఫిక్‌లోని రరోయా దిబ్బకు చేరారు. దుంగలు నానిపోయి మునుగుతాయన్న జోస్యాలు ఫలించలేదు, ఎందుకంటే అవి పచ్చిగా ఉండగానే కొట్టినవి, లోపలి రసమే వాటికి రక్ష అయింది. నమూనాల బాల్సా వేడిగదిలో పూర్తిగా ఆరినది కావడంవల్ల నీరు దొరికితే ఆత్రంగా తాగుతుంది. మన కోస్తా జాలరులు వేట ముగిశాక తెప్ప కట్లు విప్పి దుంగలను ఇసుకమీద ఆరబెట్టుకోగలిగారు. కట్లు విప్పి ఆరబెట్టే అవకాశం లేని హల్‌కు లోపలా బయటా సీలరు, వీలైతే పలుచని గాజుగుడ్డతో ఎపాక్సీ పూత, తప్పనిసరి.

ఇంత తేలికచెక్కను ఇంత శ్రమపడి ఎందుకు ఎంచుకున్నారన్న సందేహం బరువు లెక్కతో తీవ్రమవుతుంది. నిజమైన పడవను 20వ వంతుకు తగ్గిస్తే పొడవు 20వ వంతవుతుంది గాని, పొడవు, వెడల్పు, లోతు మూడూ తగ్గడంవల్ల బరువు 8,000వ వంతవుతుంది. 15 మీటర్ల పొడవు, 16 టన్నుల బరువు గల పడవ నమూనా 75 సెంటీమీటర్లు, 2 కిలోలు ఉండాలి. బాల్సా హల్ అందులో ఎంతో కొంత మాత్రమే తూగుతుంది గనుక, గ్రాముకు గ్రాము ఆదా చేసిన నిర్మాత తిరిగి బజారుకు పోయి సీసం కొని అడుగున నింపుతాడు, లేకపోతే పడవమీద గీసుకున్న నీటిగీత నీటికి చాలా ఎగువన నిలుస్తుంది. ఈ వ్యవహారాన్ని ఇంట్లో వివరించకపోవడమే మంచిది.

ఆ సీసాన్ని ఎక్కడ ఉంచాలన్నదానికి సిద్ధాంతం ఉన్నది. పడవ కొద్దిగా ఒరిగినప్పుడు నీరు పైకి నెట్టే బలరేఖ పడవ మధ్యరేఖను తాకే బిందువును మెటాసెంటర్ అంటారు. గురుత్వకేంద్రం దానికి దిగువన ఉంటే పడవ లేచి నిలబడుతుంది, ఎగువన ఉంటే నిలబడదు. దీనిని ప్రతిపాదించిన ఫ్రెంచి పండితుడు పియర్ బూగే, భూమి ఆకారం కొలవడానికి ఈనాటి ఈక్వడార్‌లోని క్వీటో ప్రాంతానికి వెళ్లి ఆండీస్ కొండలమీద గడిపిన సంవత్సరాలలోనే ఈ సిద్ధాంతమున్న గ్రంథరచన చాలావరకు సాగించి 1746లో ప్రచురించాడు. అంటే పడవల స్థిరత్వశాస్త్రం, బాల్సా చెట్టు పెరిగే దేశంలోనే, సముద్రానికి దూరంగా రూపుదిద్దుకున్నది. ఈ శాస్త్రం పుట్టకముందు, 1628 ఆగస్టు 10న, స్వీడన్ రాజుగారి వాసా నౌక స్టాక్‌హోం రేవులో జనం చూస్తుండగా సుమారు 1,300 మీటర్లు నడిచి మునిగింది. అంతకుముందు రేవులోనే ముప్పైమందిని ఇటునుంచి అటు పరుగెత్తించి చేసిన పరీక్షలో ఓడ మరీ ఊగుతోందని మధ్యలో ఆపేశారు గాని, ప్రయాణం మాత్రం ఆపలేదు. దానిని 1961లో, అనగా 333 సంవత్సరాల తరువాత, పైకి తీయగలిగారు. కనుక నూతన నిర్మాతలకు మనవి ఏమనగా, మొదటి జలప్రవేశం ఊరి చెరువులో బంధుమిత్రుల సమక్షంలో పెట్టుకోక, ఇంటి నీళ్లతొట్టిలో, అందరూ నిద్రపోయాక జరపండి.