పిడికిటి పద్యం: టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

తరుగు పిడికిటందు దండిగా పిండుమా
నీరు కారెనేని నిలిచియుండు
పొడిగ రాలెనేని పొద్దు దాటెను గదా
ముద్ద మెల్ల విడిన మొదలు కోత

అవతారిక: సుమారు 575లో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనంతో తెలుగు రాతికెక్కిన ఊరు కలమల్ల. పై పద్యం ఏ రాతి మీదా లేదు. ఆ ఊరి మొక్కజొన్న చేను గట్టు కోసం వ్యాఖ్యాతే కట్టుకున్నాడు. అందుచేత కవి హృదయం గురించి పేచీ లేదు.

ప్రతిపదార్థం: తరుగు = ఆకు, కాండం, కంకి కలిపి మిషన్లో ముక్కలైన పచ్చిమేత; దండిగా = బలం కొద్దీ, అర నిమిషం పాటు; నీరు కారెనేని = వేళ్ల సందుల్లో రసం దిగితే; నిలిచియుండు = పైరును ఇంకొన్నాళ్లు చేలోనే ఉండనియ్యి; పొడిగ రాలెనేని = గుప్పిట తెరవగానే చెదిరిపోతే; ముద్ద మెల్ల విడిన = అరచెయ్యి తడవకుండా ముద్ద నిదానంగా విచ్చుకుంటే; మొదలు కోత = ఇంక ఆగవద్దు.

తాత్పర్యం: పాతరకెక్కే (సైలేజీగా నిలవుంచే) మేతలో తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి. మించితే సారమంతా రసంగా అడుక్కి దిగిపోతుంది; పాతరలో బ్యూటిరిక్ ఆమ్లం పుట్టి, ఆ కంపుకు ఎనుము మూతి తిప్పుకుంటుంది. తగ్గితే ట్రాక్టరుతో ఎంత తొక్కించినా గాలి మిగిలి బూజు పడుతుంది. మేతను పులియబెట్టి నిలవుంచే లాక్టిక్ సూక్ష్మజీవుల పని గాలి లేనిచోటే చక్కగా సాగుతుంది.

శంక: కంకి విరిచి గింజలో పాలగీత చూస్తే చాలదా? గట్టిపడిన పిండి నెత్తి నుంచి సగం దాకా దిగితే అదునే కదా?

సమాధానం: అది అనుమాన ప్రమాణం, పిడికిలి ప్రత్యక్షం. పైగా రేనాటి ఎండకు ఆకులు ముందే మాడతాయి. బెట్టకొచ్చిన పైరు కంటికి ఎండుగడ్డిలా కనిపిస్తుంది, కాండంలో మాత్రం నీళ్లు దాచుకుని ఉంటుంది. దూరం నుంచి చూసి కోతమిషన్ పిలిచినవాడు మోసపోతాడు. పిడికిలిని నమ్మని తార్కికులకు తక్కెడ ఉంది: 100 గ్రాముల తరుగును మాడకుండా, బరువు ఇక తగ్గదనేదాకా ఆరబెట్టాలి. 33 గ్రాములు మిగిలితే తేమ 67 శాతం. ఈ పనికి వంటింటి మైక్రోవేవ్ వాడదలచినవారు ముందు ఇల్లాలి అనుమతి పొందవలెను. ఆ వాసన రెండు పూటలు పోదు.

విశేషం: నాలుగో పాదంలో శ్లేష. మొదలు అంటే ఆరంభం, కాండం అడుగూనూ. బెట్టకొచ్చిన మొక్కలో పశువుకు విషమయ్యే నైట్రేట్ అడుగు కాండంలోనే ఎక్కువగా చేరుతుంది గనుక ఆ ఏడు జానెడు మొదలు చేలోనే వదిలి పైన కోయాలి. ఇంత అర్థం ఉద్దేశించే రాశాడా అని కవిని అడిగితే, అవునన్నాడు.