‘చిన్న పనే’ గ్రంథానికి టీకా

మూలము

చిన్న పనే. ఆదివారం రారా. ఒరిజినల్‌గా చేద్దాం.

అవతారిక

ఈ మూడు వాక్యాల గ్రంథం ప్రతి శనివారం రాత్రి పదింటికి నా ఫోనులో అవతరిస్తుంది. రెండేళ్ళ నాలుగు నెలలుగా ఒక్క అక్షరం మారలేదు. ఇంతటి పాఠశుద్ధి వేదానికి ఉందని విన్నాను, దీనికి ఉందని చూశాను. కర్త నా చిన్ననాటి స్నేహితుడు. మా ఇద్దరి నాన్నలూ శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ వచ్చి రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో చేరినవాళ్ళు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లలో సగం తెలుగు, సగం హిందీ కలిపి తింటూ పెరిగాం. తర్వాత వాడు ఇనుము వ్యాపారంలోకి వెళ్ళాడు. నేను సంస్కృతం ఎం.ఏ. చదివి, చదివిన పాపానికి బ్యాంకులో గుమాస్తా చేసి రిటైరయ్యాను. కాబట్టి ఇనుము వాడిది, వ్యాఖ్యానం నాది. కర్త పేరు చెప్పను. కవి బతికుండగా, అందులోనూ చేతిలో పానా పట్టుకుని ఉండగా, వ్యాఖ్యాత జాగ్రత్తలో వ్యాఖ్యాత ఉండాలి.

కావ్యవస్తువు ఒక జోంగా. సైన్యం వేలంలో అమ్మేస్తే నాలుగు చేతులు మారి, తాటిబంద్ అవతల ఒక రేకుల షెడ్డులో ఇటుకల మీద కూర్చుంది. నాలుగు చక్రాలూ లాగే బండి అంటారు. ప్రస్తుతం నాలుగూ లేవు, విప్పి గోడకు ఆనించారు.

టీక

చిన్న పనే: ‘పని’ సుగమము. ‘చిన్న’ విచారణీయము. చిన్నదైన పని అని విశేషణ పూర్వపద కర్మధారయంగా విడదీస్తే అర్థం కుదరదు, ఎందుకంటే రెండేళ్ళలో అలాంటి పని నాకు కనబడలేదు. దేనివల్ల మనిషి చిన్నబోతాడో ఆ పని అని బహువ్రీహి చెప్పుకుంటే చక్కగా అతుకుతుంది. ‘ఏ’ అవధారణార్థకం. ఇంకేమీ లేదు, ఇంతే అని చెప్పడానికి వాడతారు. ఇంకా చాలా ఉన్నప్పుడే వాడతారని లోకానుభవం.

ఆదివారం: ఆది ఉండి అంతం లేనిది.

రారా: మొదటి ‘రా’ క్రియ, రెండోది పిలుపు. కొందరు దీన్ని ఆమ్రేడితంగా తీసుకోవాలంటారు. ఒక్కసారి వస్తే సరిపోదు, మళ్ళీ మళ్ళీ రావాలని ధ్వని. చిన్నయసూరి ఒప్పుకోడు గానీ మా ఆవిడ ఈ పక్షమే.

ఒరిజినల్‌గా: దీనికి ఒక్క మాటలో అర్థం చెప్పి ముందుకు పోవచ్చు. పోను. ఈ టీక రాయడానికి కూర్చున్నదే ఈ మాట మీద కోపంతో. ముందు వస్తువు పేరు సంగతి తేల్చుకుని వస్తాను.

జోంగా అనే శబ్దానికి ధాతువు లేదు. జబల్‌పూర్ ఆర్డ్నెన్స్ అండ్ గన్‌కారేజ్ అసెంబ్లీ అనే అయిదు మాటల ముక్కలు ఏరి కట్టిన పేరు. పాణిని అచ్చు, హల్లు అని ప్రత్యాహారాలు కట్టినట్టే మన సైన్యం వారూ కట్టారు. అయితే ఇందులో ఒక విశేషం. మిగతా నాలుగూ బరువైన నామవాచకాలు, మధ్యలో ఉన్న ‘అండ్’ వట్టి అవ్యయం. దానికీ ఒక అక్షరం దక్కింది, అదే ‘జోం’లో ఉన్న సున్న. అవ్యయానికి ఇంత మర్యాద ఎందుకు? మన వ్యాఖ్యాతలకు ఇలాంటి చోట్ల ఒక అలవాటు ఉంది. శ్లోకంలో అనవసరంగా ‘చ’ కనబడితే, చెప్పకుండా వదిలేసినదాన్ని కూడా కలుపుకోవడానికే కవి ఆ చకారం వేశాడంటారు. ఇక్కడ చెప్పకుండా వదిలేసినది ఏది? నిస్సాన్. జపాన్‌వారి పాట్రోల్ అనే బండి నమూనానే, నాలుగు లీటర్లకు కాస్త తక్కువ, 3,956 సీసీల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనుతో సహా, జబల్‌పూర్ వాహన కర్మాగారంలో మనవాళ్ళు కట్టారు. ఆ పరదేశి పేరు ఎక్కడా చెప్పరు, చకారంలో దాచారు. అంటే ‘ఒరిజినల్’ అని వాడు దణ్ణం పెట్టే ఈ వస్తువు పుట్టుకతోనే అనువాదం. ఈ మాట వాడితో అన్నాను. ఆ వారం వాడు నాకు టీ ఇప్పించలేదు.

జబల్‌పూరూ రాయపూరూ 2000 నవంబరు 1 దాకా ఒకే రాష్ట్రం. ఆ తర్వాత మనకు వేరే రాజధాని, వేరే సచివాలయం వచ్చాయి. జోంగా స్పేరు భాగాలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. రాష్ట్ర విభజన కష్టాల మీద ఎన్నో రాశారు, ఈ కష్టం ఎవరూ రాయలేదు.

విశేషము

ఇక మల్లినాథుడు. ‘మల్లినాథుడికీ జోంగాకూ ఏమిట్రా సంబంధం’ అని కర్త అడిగాడు. ఉంది.

నేటి మెదక్ జిల్లా కొల్చారం వాడు, మన తెలుగువాడు. కాళిదాసు మూడు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అని పేరెందుకు పెట్టాడంటే, చెడ్డ వ్యాఖ్యల విషం ఎక్కి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును ఇది బతికిస్తుందట. రెస్టొరేషన్ అనే మాటకు ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు ఇంకెక్కడా దొరకలేదు. మా జోంగా కూడా అలా మూర్ఛపోయినదే. ఒక మహానుభావుడు దానికి పామాయిలు డబ్బా రేకుతో ఫుట్‌బోర్డు వేశాడు. ఇంకొకడు వైరింగంతా పీకి ఒకే రంగు వైరుతో మళ్ళీ వేశాడు, ఎర్ర వైరుతో. ఆరు నెలలపాటు ఆ ఎర్ర వైర్లలో హారను వైరేదో వెతికిన చేతులివి. చెడ్డ వ్యాఖ్య అంటే ఏమిటో పండితులకన్నా నాకు బాగా తెలుసు.

మల్లినాథుడు ఇంకో ప్రతిజ్ఞ కూడా చేశాడు. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని. ఎంత గొప్ప ప్రతిజ్ఞ! మరి మేఘసందేశం మొదటి శ్లోకం దగ్గరే, యక్షుడు ఉన్న రామగిరి అంటే చిత్రకూటం అన్నాడు. మూలంలో చిత్రకూటం మాటే లేదు. తర్వాతి కాలంలో నాగపూర్ పండితుడు మిరాశీ, రామగిరి అంటే నాగపూర్ పక్కనున్న రామ్‌టెక్ అని నిరూపించారు. లోకం చాలావరకు ఒప్పుకుంది. మా ఛత్తీస్‌గఢ్‌వాళ్ళం ఒప్పుకోం. బిలాస్‌పూర్ నుంచి అంబికాపూర్ పోయే దారిలో, సర్గుజా జిల్లా ఉదయ్‌పూర్ దగ్గర రామ్‌గఢ్ కొండ ఉంది. అదే రామగిరి అంటాం, ఆషాఢం మొదటి రోజున అక్కడ ఉత్సవం కూడా చేస్తాం. ఎవరి ఊరికి దగ్గరున్న కొండ వాళ్ళకు రామగిరి. అలాగని మాది వట్టి ఊరి అభిమానం కాదు. రామ్‌గఢ్ నుంచి పడమరగా అమరకంటకం, అక్కడ పుట్టే నర్మద, ఇంకా పడమరకు విదిశ. మేఘానికి దారి చక్కగా పడుతుంది. ఆ కొండలో సీతాబెంగా, జోగీమారా అని రెండు గుహలున్నాయి. జోగీమారాలో బ్రాహ్మీ లిపిలో చిన్న శాసనం. సుతనుక అనే దేవదాసి పేరు, ఆమెను ప్రేమించిన దేవదిన్నుడి పేరు చెక్కి ఉన్నాయి. అతని వృత్తిని ‘లూపదఖే’ అన్నారు. రూపంలో దక్షుడు, శిల్పి అని కొందరు, చిత్రకారుడని కొందరు, నాణేలు పరీక్షించేవాడని మరికొందరు. రెండు వేల ఏళ్ళ కిందట ఒకడు రాతి మీద తన ప్రేమ సంగతి రాసుకుంటే, మనం ఇంకా వాడి ఉద్యోగం గురించి దెబ్బలాడుకుంటున్నాం. సుతనుక ఏమందో ఎవరూ అడగరు.

ఎక్కడున్నాం? ఆ. ఆషాఢం మొదటి రోజుకు జోంగాలో రామ్‌గఢ్ వెళ్ళాలన్నది మా మొదటి సంకల్పం. నన్ను ఈ పనిలోకి దించింది ఆ ఆశే. ఆషాఢాలు రెండు వెళ్ళిపోయాయి. మేఘం వచ్చింది, షెడ్డు రేకులోంచి కారింది.

పాఠాంతరములు

ఒక ఆదివారం ఎడమ తలుపు నాకు అప్పజెప్పారు, గరుకు కాగితంతో రుద్దమని. పైన తెలుపు. దాని కింద పసుపు. పసుపు కింద నీలం, నీలం కింద లప్పం, గోరు మందాన. లప్పం రాల్చితే తుప్పు రంగు ప్రైమరు, దాని కింద సైన్యం ఆకుపచ్చ. మధ్యాహ్నం మూడింటికి ఆ పచ్చ మీద తెల్లగా, అరచేతి వెడల్పున ఒక గుర్తు తేలింది. పైకి చూస్తున్న బాణం. సైనిక వాహనాల నంబర్ల ముందు ఉండే బాణం అది. పక్కన అంకెలు సగం చెరిగిపోయాయి, ఒక ఎనిమిదో మూడో. తాళపత్రాన్ని తుడిస్తే అడుగున పాత అక్షరం కనబడ్డట్టు ఉంది. వాణ్ణి పిలిచాను. వచ్చి చూశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. జేబురుమాలు తీసి ఆ బాణాన్ని తుడిచాడు. ఆ పూట మాత్రం వాడి ‘ఒరిజినల్’ అనే మాట నాకూ అర్థమైందని ఒప్పుకుంటాను.

మరుసటి ఆదివారం దాని మీద ఒకటిన్నర అడుగుల రబ్బరు పట్టీ బిగించాడు, లుక్కు కోసం.

ప్రక్షిప్తములు

లుక్కు కోసం వచ్చినవి అదొక్కటే కాదు. ముందు భాగాన ఇనుప తాడు చుట్టుకునే విన్చి, నెత్తిన వరసగా లైట్లు, నదిలో దిగినా ఇంజను ఊపిరి తీసుకోవడానికి ఏనుగు తొండంలాంటి గొట్టం, వేరే బండి సీట్లు, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, బోదెల్లాంటి టైర్లు. బండి ఇటుకల మీద ఉంది, తొండం మాత్రం వరదకు సిద్ధం. పవర్ స్టీరింగ్ గురించి మాట్లాడను. అది నా భుజం కోసం పెట్టారు, దానికి నేను కూడా ఓటేశాను. మొత్తం లెక్క వేస్తే పదకొండు మార్పులు. ఇంజను మార్చి డీజిల్ పెట్టేద్దామని మిస్త్రీ అంటే మాత్రం వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. ‘ఒరిజినల్ పోతుంది కదయ్యా!’

షెడ్డుకు జనం వస్తారు. వచ్చినవాళ్ళ ముందు బానెట్టు మీద చెయ్యి వేసి, గొంతు ఒక మెట్టు దించి వాడు చెప్పే ఉపన్యాసం: ‘ఇది బండి కాదండీ, చరిత్ర. ఒక్క బోల్టు కూడా బయటది కాదు.’ ఆ బోల్టుల్లో నలభై రెండింటిని తుక్కు బజారులో కొలతలు చూసి ఏరి తెచ్చినవాణ్ణి వాడి వెనకాలే చార్జింగ్ లైటు పట్టుకుని నిలబడి ఉంటాను. మార్చుకో, ఎవడొద్దన్నాడు? సొంత డబ్బు, సొంత ఇనుము. మార్చి మార్చలేదనడం ఎందుకు? కొత్త పద్యం రాసి నన్నయ పేరు పెట్టేవాణ్ణి ఏమంటాం?

చట్టం వారి వ్యాఖ్య కూడా చూశాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు చెప్పిన లక్షణాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. పదకొండు అయిదులు యాభై అయిదు వేలు. ఈ లెక్క చూపిస్తే వాడు 2021 నాటి వింటేజ్ నిబంధనలు తీశాడు. యాభై ఏళ్ళు దాటిన బండికి వేరే రిజిస్ట్రేషన్, 20,000 కడితే పదేళ్ళు. కానీ చాసీలో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదట. మాది 1980 నాటిది. యాభై నిండేసరికి 2030. అప్పటికి మార్పులు పదకొండు దగ్గర ఆగుతాయా? ‘అప్పుడు విప్పేద్దాంరా’ అన్నాడు. ఎవరు విప్పుతారో చెప్పలేదు. జైలే నయం, అక్కడ ఆదివారం ఎవరూ పిలవరు.

చేద్దాం: ఉత్తమ పురుష బహువచనం. తెలుగులో మనకు మేము, మనము అని రెండున్నాయి. ఇందులో ఉన్నది మనము, అంటే వినేవాణ్ణి కూడా కలుపుకుంటుంది. ఆచరణలో చెప్పేవాణ్ణి కలుపుకోదు.

ఈ క్రియకు మిస్త్రీ ఛత్తీస్‌గఢీలో ఒక పర్యాయపదం వాడతాడు. గేరుబాక్సు ఎప్పటికవుతుందన్నా, చక్రాలెప్పుడెక్కుతాయన్నా ఒకటే జవాబు. ‘హో జాహీ, భైయా.’ అయిపోతుంది అని భావం. సంస్కృతంలో భవిష్యత్తుకు రెండు లకారాలు. లృట్ మామూలు భవిష్యత్తు. లుట్ అంటే ఈ రోజు కాని భవిష్యత్తు. ‘హో జాహీ’ శుద్ధ లుట్. బండి అమ్మినవాడు మాత్రం లిట్ వాడాడు. అది చెప్పేవాడు కళ్ళతో చూడని భూతకాలం. ‘దీన్ని ఒక కల్నల్ గారు నడిపారు’ అన్నాడు.

తాత్పర్యము

నువ్వు రావాలి. లైటు పట్టుకోవాలి. మధ్యాహ్నం ముందు చక్రం పిడికిలి గుండులోంచి నల్లటి పాత గ్రీజు చేత్తో తోడాలి. సాయంత్రం వచ్చినవాళ్ళకు నేను చరిత్ర చెబుతాను అని భావము. ఈ రెండేళ్ళ నాలుగు నెలల్లో స్టీరింగు నా చేతికి ఒక్కసారి కూడా రాలేదు. చక్రాలు లేకపోయినా సరే, ఊరికే కూర్చుని తిప్పుతానన్నాను. ‘సీటు కొత్తదిరా, నీ ప్యాంటుకు గ్రీజుంది’ అన్నాడు. ఆ గ్రీజు ఎవరిది?

కిందటి వారం ఇంజను మొదటిసారి మండింది. పదకొండు సెకన్లు. వాచీ పెట్టి చూశాను. ఆరు సిలిండర్లూ కలిసి ఒకే గొంతుతో మాట్లాడాయి, రేకులు అదిరాయి, మిస్త్రీ చేతిలో టీ ఒలికింది. తర్వాత డిస్ట్రిబ్యూటర్ మూత పగిలి ఆగిపోయింది.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. ఆరు సిలిండర్ల జోంగా పెట్రోలు ఇంజనుకు పగుళ్ళు లేని డిస్ట్రిబ్యూటర్ మూత ఒకటి కావాలి. జబల్‌పూర్‌లో గానీ ఇంకెక్కడైనా గానీ ఎవరి అటక మీదైనా ఉంటే దయచేసి కబురు చెయ్యండి, ఆషాఢానికి ఇంకా టైముంది. ఒరిజినల్ అయితే మంచిదే. కాకపోయినా ఫర్వాలేదు, వాడికి నేను చెప్పను.