ఊరు మూగబోవాలంటే

కొత్తగా ఎన్నికైన సభ్యుడు గారికి,

మన అండమాన్‌లోని బతు బస్తీ విపత్తు సన్నద్ధత మీ నెత్తిన పడిందని తెలిసింది. కంగారు పడకండి. ఈ విషయంలో తలపండిన వాణ్ణి, నేను చెప్పినట్టు చేయండి.

ముందుగా గోడంత తెర కొనండి. తెర, ఏసీ, తిరిగే కుర్చీలు ఉంటే కంట్రోల్ రూమ్ వచ్చేసినట్టే. దాన్ని కింది అంతస్తులోనే పెట్టించండి. రిబ్బన్ కత్తిరించడానికి వచ్చే పెద్దలకు మెట్లెక్కే శ్రమ తప్పుతుంది. జనరేటర్ కూడా దాని పక్కనే, నేల మీదే ఉండాలి. 2004 డిసెంబర్ 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది, సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన సముద్రం అక్కడే ఉండిపోయింది అని ఎవరో ఒక ముసలాయన గొణుగుతాడు. అది సిప్పీఘాట్, ఇది బతు బస్తీ అని చెప్పి పంపేయండి. డీజిల్ ఓడ మీద రావాలి కాబట్టి దాచిపెట్టడం దండగ. ప్రారంభోత్సవం రోజుకు అయిదు లీటర్లుంటే సరిపోతుంది. వార్షిక నిర్వహణ పద్దులో సున్నా వేయండి. ఉప్పుగాలికి సైరన్ ఎలాగూ తుప్పు పడుతుంది, దానికి ఏటా రంగు వేయించడం ప్రకృతితో తగువు పెట్టుకోవడమే.

రెండో పని, ఫోన్ నంబర్ల జాబితా. ఒక్కసారి టైపు చేయించి, లామినేషన్ చేయించి, గోడకు మేకులు కొట్టించండి. లామినేషన్ చేసిన కాగితంలో ఎవరూ వేలు పెట్టలేరు, అదే దాని గొప్పతనం. ఈ పద్ధతికి జాతీయ స్థాయిలోనే ఆదర్శం ఉంది. 2004 సునామీ రోజు ఉదయం వాతావరణ శాఖ పంపిన ఫ్యాక్స్ మాజీ మంత్రి మురళీ మనోహర్ జోషి ఇంటికి వెళ్లిందని అప్పటి పత్రికలు రాశాయి. ఆయన పదవి దిగిపోయి అప్పటికి ఏడు నెలలు. ఢిల్లీకే లేని తొందర మీకెందుకు?

ఇక అసలు సంగతి, ఇంటర్నెట్. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి మన దీవులకు సముద్రగర్భంలో కేబుల్ వచ్చింది. దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవు, 1,224 కోట్ల ఖర్చు. శాటిలైట్ నెట్‌తో సినిమా పాట ఒకటి దిగడానికి రాత్రంతా కాచుకున్న రోజులు పోయాయి కదా, ఇప్పుడు ఊళ్లో ఉన్నవన్నీ ఆ తీగకే తగిలించండి. సైరన్ మీట, ఇళ్ల జాబితా, మంచం పట్టిన ముసలివాళ్ల వివరాలు, అన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించి కాగితం కాపీ తగలబెట్టించండి. తీగ తెగితే అని ఎవరైనా అడిగితే అపశకునం మాట్లాడొద్దని కసరండి. టోంగా అనే దీవుల దేశం కూడా బయటి ప్రపంచంతో మాటకు ఒక్క కేబుల్‌నే నమ్ముకుంది. 2022 జనవరి 15న అగ్నిపర్వతం పేలి ఆ తీగ తెగింది, అతికించడానికి అయిదు వారాలు పట్టింది. అయిదు వారాలు ఎవరూ ఫిర్యాదు మెయిల్ పంపలేని పదవీకాలం ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఆలోచించండి.

టవర్ల సంగతి విశాఖలో ఉన్న మీ బావమరిదినే అడగవచ్చు. 2014 అక్టోబర్ 8న మన లాంగ్ ఐలాండ్ మీదుగా వెళ్లిన హుద్‌హుద్ 12న అక్కడ తీరం దాటింది. కరెంటు పోయింది, బ్యాటరీలు అయిపోయాక టవర్లూ పోయాయి. పక్క వీధిలోని అన్న బతికున్నాడో లేదో కాలినడకన వెళ్లి చూసొచ్చారు జనం. దాన్నుంచి మీరు నేర్చుకోవలసింది, నడక ఆరోగ్యానికి మంచిదని.

శాటిలైట్ ఫోన్ మాత్రం ఒకటి తప్పకుండా కొనండి, ఆడిట్‌లో అందంగా కనిపిస్తుంది. అట్టపెట్టె విప్పకుండా బీరువాలో పెట్టి తాళం వేయించండి. తాళంచెవి గుమాస్తా దగ్గర ఉండాలి. గుమాస్తా సెలవు మీద శ్రీకాకుళం వెళ్తాడు, విశాఖ ఓడ ఎప్పుడుంటే అప్పుడే తిరిగొస్తాడు.

సరదాకు సొంత రేడియో సెట్లు నడిపే హాం రేడియో వాళ్లను మాత్రం గుమ్మం తొక్కనివ్వకండి. వాళ్ల వల్ల 2004లోనే మన సిద్ధాంతానికి పెద్ద దెబ్బ తగిలింది. హైదరాబాద్‌లోని జాతీయ హాం రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు, ఆమె బృందం ఆ డిసెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు. వాళ్లు వచ్చింది సునామీ కోసం కాదు. ఏళ్ల తరబడి హాం రేడియోకు అనుమతి లేని దీవుల నుంచి ప్రపంచాన్ని పలకరించే సరదాకు వచ్చారు. ఫోన్లు మూగబోయిన వేళ ఆ సరదా యంత్రాలే మెయిన్‌ల్యాండ్‌తో మాట కలిపాయి. మావాళ్లు క్షేమమేనా అన్న ప్రశ్నలు, జవాబులు వాటి మీదుగానే నడిచాయి. పెద్ద తెర లేదు, టెండరు లేదు, ఒక రేడియో సెట్టు, యాంటెనాగా కట్టిన తీగ, బ్యాటరీ. ఇలాంటివి ఊళ్లో కుర్రాళ్లు నలుగురు నేర్చుకున్నారంటే మీ కంట్రోల్ రూమ్‌ను ఎవరు లెక్కచేస్తారు? లైసెన్స్ పరీక్ష రాస్తామని ఎవరైనా వస్తే క్రికెట్ కిట్ ఇచ్చి పంపండి.

భాష గురించి ఒక మాట. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో వంద మందిలో పదముగ్గురి మాతృభాష తెలుగు. వాళ్లందరికీ బజారు హిందీ వచ్చు కాబట్టి హెచ్చరికకు కూడా అదే చాలు అని తీర్మానించండి. కోడలి దగ్గరికి నిరుడే వచ్చిన పెద్దావిడ సంగతి ఆ కోడలే చూసుకుంటుంది. తెలుగులో ఇవ్వక తప్పకపోతే ఇలా రాయించండి: "ఆగ్నేయ బంగాళాఖాతంలో కేంద్రీకృతమైన వాయుగుండం వాయవ్య దిశగా పయనించి తీవ్రరూపం దాల్చు అవకాశము కలదు." ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఎవరూ భయపడరు. పొరపాటున కూడా "సాయంత్రం నాలుగింటి లోపు మెరక మీది బడికి వెళ్లండి, ముసలివాళ్లను ముందు పంపండి, డోంగీలు పైకి లాగండి" అని రాయించకండి. టముకు వేయించడం, గుడి మైకు, మసీదు మైకు, చర్చి గంట, ఇవన్నీ నామోషీ. కులపెద్ద ఒక్క కేక వేస్తే పడవలన్నీ ఒడ్డుకొస్తాయని జాలర్లు అంటారు. అంటారు సరే, ఆ కేకకు బిల్లు పెట్టడం ఎలా?

మాక్ డ్రిల్ నెల ముందే ప్రకటించి, పని దినాన పదకొండింటికి, సమోసా, టీతో జరపండి. 2004లో భూమి కంపించింది ఆదివారం ఉదయం ఆరున్నరకు, క్రిస్మస్ మర్నాడు. ఆఫీసు వేళలు పాటించని విపత్తుకు బాధ్యత మనది కాదు. ఒడిశాలో వెంకట్‌రాయ్‌పూర్, నోలియాసాహి అనే రెండు ఊళ్లు ఉన్నాయి. నోలియాలంటే మన తెలుగు మూలాల జాలర్లే. ఎటు పరుగెత్తాలో పటాలు గీసుకుని, దారి బోర్డులు పాతుకుని, మళ్లీ మళ్లీ అలవాటు చేసుకుని, 2020లో యునెస్కో చేత సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్లుగా గుర్తింపు తెచ్చుకున్నాయి. దేశంలో అవే మొదటివి. చూశారుగా, గుర్తింపు కోసం అంత చెమట పోయాలి. మీరు ఫ్లెక్సీ కట్టించండి, రెండు గంటల్లో గుర్తింపు.

చివరగా, భూమి ఊగిన రోజు చేయవలసింది. హైదరాబాద్‌లో సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ల సునామీ కేంద్రం 2007 నుంచి పనిచేస్తోంది. పెద్ద భూకంపం వచ్చిన పది నిమిషాల్లోపే తొలి బులెటిన్ ఇవ్వడం దాని పని. అక్కడి నుంచి అది పై ఆఫీసులు దిగి మీ దాకా రావాలి. 2004లో అల పోర్ట్ బ్లెయిర్ చేరడానికి గంట కూడా పట్టలేదు. నిలబడలేనంతగా నేల ఊగితే దాన్నే హెచ్చరికగా తీసుకుని కొండెక్కేయమని చదువుకున్నవాళ్లు చెబుతారు. మీరు ఒప్పుకోకండి. అధికారికంగా లిఖితపూర్వకమైన ఉత్తర్వు అందేదాకా ఎవరూ కదలరాదని బోర్డు పెట్టించండి. ఉత్తర్వు వచ్చాక ఇన్‌వార్డ్ నంబరు వేయించి, కార్యదర్శి చేత నోట్ పెట్టించి, మూడు కాపీలు తీయించండి. మీరు ఊళ్లో లేకపోతే సంతకానికి ఫైలు మీ ఇంటికి పంపమని ముందే చెప్పి ఉంచండి.